టీకా డబ్బు ఏప్రిల్‌లోనే అందాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫై ఏళ్లకు పైగా ఏజెన్సీలో ఏఎన్ఎం (ఊళ్లలో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త)గా, ఆ తర్వాత హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బడ్జెట్ కసరత్తు గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఒక్కటే అడగాలనిపిస్తుంది. టీకాలకు ఎంత కేటాయించారో చెబుతున్నారు సరే, ఆ డబ్బు ఊరి దాకా ఎప్పుడు చేరుతోంది?

టీకా అంటే మందు సీసా ఒక్కటే కాదు. సీసాలు కేంద్రమే కొని పంపుతుంది. కానీ టీకాలు వేసే బుధవారం తెల్లారేసరికి మా పని ఐస్ ప్యాకులతో మొదలయ్యేది. డీప్ ఫ్రీజర్లోంచి తీసి బల్ల మీద పరిచి, కాసేపయ్యాక ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసేవాళ్లం. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే టీకాలు మోసే చల్లని పెట్టెలో, అదే క్యారియర్లో సర్దాలి. తొందరపడి రాయిలా ఉన్న ప్యాకులు పెడితే ఐదు జబ్బులకు వేసే పెంటావలెంట్ టీకా గడ్డకట్టి పాడైపోతుంది. నాలుగు ప్యాకుల మధ్య వయల్స్ (టీకా సీసాలు) పెట్టి మూత బిగించి, బండి మీద కొండ ఎక్కించాలి. ఆ బండి మనిషి కూలి, ఫ్రిజ్ రిపేరు, జనరేటర్ డీజిల్, ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని పిలుచుకొచ్చే ఆశా పారితోషికం కూడా టీకా ఖర్చే. ఏడాది లోపు బిడ్డకు టీకాలన్నీ పూర్తి చేయిస్తే ఆశాకు వచ్చేది 100 రూపాయలు. దానికి కూడా నెలల తరబడి ఎదురుచూసిన వాళ్లను నేను చూశాను.

ఒక ఏడాది మేం పనిచేసే చోట క్యారియర్ తీసుకెళ్లే కుర్రాడికి నాలుగు నెలలు డబ్బు రాలేదు. అడిగి అడిగి విసిగి మానేశాడు. ఆ బుధవారం కొండ మీద రెండు ఊళ్ల పిల్లలకు టీకాలు పడలేదు. ఒక తల్లి మాత్రం బిడ్డను కొంగుతో నడుముకు కట్టుకుని గంటన్నర నడిచి ఆసుపత్రికి దిగి వచ్చింది. ఆ ఒక్క బిడ్డ కోసం, పలువురు పిల్లలకు సరిపోయే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్ విప్పాను. ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. వృథా ఎందుకైందని నన్ను సంజాయిషీ అడిగారు. ఇప్పుడు ఆ తల్లి వచ్చినా మళ్లీ విప్పుతాను. తట్టు వ్యాపించకుండా ఆగాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి. కొండ మీది పిల్లలు కూడా ఆ లెక్కలోని వాళ్లే.

బయటి సాయం మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. నిమోనియాను అడ్డుకునే పీసీవీ టీకా 2017లో మన దేశంలో గావి అనే అంతర్జాతీయ టీకాల సంస్థ సాయంతోనే మొదలైంది. 2021లో దేశమంతటికీ వచ్చింది. ప్రైవేటులో వేలు పోసి కొనాల్సిన ఆ టీకా ఇప్పుడు కూలివాళ్ల పిల్లలకూ ఉచితంగా అందుతోంది. అదే గావికి ఇక డబ్బు ఇవ్వబోమని 2025 జూన్‌లో అమెరికా ప్రకటించింది. రేపు ఇంకెవరు ఆపేస్తారో తెలియదు. మన పిల్లల టీకాలు మన పన్నుల డబ్బుతోనే నడవాలి.

డబ్బు లేదంటే నేను నమ్మను. 2021 బడ్జెట్లో కోవిడ్ టీకాలకు 35,000 కోట్లు పెట్టారు. అదే ఏడాది మే నెలలో 18 నుంచి 44 ఏళ్ల వాళ్ల టీకాలు రాష్ట్రాలను కూడా కొనుక్కోమంటే, రెండు తెలుగు రాష్ట్రాలూ గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. జూన్ 21 నుంచి కేంద్రమే మళ్లీ కొని ఇచ్చింది. కొనుగోలు భారం ఎప్పటికీ రాష్ట్రాల మీదికి నెట్టకూడదు.

ముందే ఖర్చు పెట్టి ఉంచుకుంటే ఏం లాభమో హైదరాబాద్ చూపించింది. 2016లో అక్కడి మురుగునీటిలో టైప్-2 పోలియో వైరస్ కనబడితే, వారం రోజుల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు టీకా వేశారు. ఫ్రిజ్‌లు, బండ్లు, శిక్షణ ఉన్న ఏఎన్ఎంలు అప్పటికే ఉండబట్టే అంత త్వరగా అయింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. టీకాలకు, వాటిని ఊరికి చేర్చే ఖర్చుకు బడ్జెట్లో విడిగా ఒక పద్దు పెట్టండి. వేరే పథకాలకు మళ్లించే వీలు లేకుండా చూడండి. ఖర్చులో నూటికి కేంద్రం 60, రాష్ట్రం 40 అన్న వాటాల లెక్క తేలేదాకా పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) రావాల్సిన డబ్బు ఆపకండి. మొదటి విడత ఏప్రిల్‌లోనే ఖాతాలో పడాలి. జూన్ వచ్చిందంటే మా గెడ్డలు (కొండవాగులు) పొంగుతాయి, ఆ తర్వాత డబ్బు వచ్చినా బండి కొండ ఎక్కదు.

ఇట్లు
ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్,
పాడేరు