హాస్టల్ పిల్లల దురద గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక జిల్లా కేంద్రంలో చర్మవ్యాధుల వైద్యురాలిని. ఏటా జులై చివరికి వచ్చేసరికి నా ఓపీకి సంక్షేమ హాస్టళ్ల నుంచి, గురుకులాల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. పక్కన అమ్మో నాన్నో ఉంటారు. వాళ్ల చేతిలో ఒక కవరు, అందులో సగం వాడిన ట్యూబులు, ఏ మందో తెలియని బిళ్లలు. "ఉన్నట్టుండి మొదలైంది మేడమ్, దేనికొచ్చిందో తెలుస్తలేదు, రాత్రంతా గోక్కుంటనే ఉంటది" అంటారు. పిల్ల చెయ్యి పట్టుకుని వేళ్ల సందులు చూస్తే చాలాసార్లు సంగతి తెలిసిపోతుంది. మణికట్టు మీద, నడుము చుట్టూ, బొడ్డు దగ్గర సన్నటి పొక్కులు. అది గజ్జి.

కారణం తెలియడం లేదని వాళ్లు అనడంలో తప్పులేదు. గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినప్పుడు దురద వెంటనే రాదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జూన్‌లో హాస్టళ్లు తెరిచాక పక్క మంచం పిల్లతో కలిసి పడుకున్నప్పుడు అంటుకున్నది జులైలో బయటపడుతుంది. ఈలోపు ఆ పిల్ల తనకు తెలియకుండానే ఇంకొందరికి అంటించి ఉంటుంది. అందుకే దురద మొదలైన రోజు ఏం తిన్నది, ఏ సబ్బు వాడింది అని ఎంత ఆలోచించినా జవాబు దొరకదు.

జవాబు దొరకనప్పుడు అందరూ తిండి మీద పడతారు. ఎలర్జీ అంటారు, వేడి చేసిందంటారు, నీళ్లు పడలేదంటారు. వంకాయ మాన్పిస్తారు, చేపలు మాన్పిస్తారు, చివరికి గుడ్డు మాన్పిస్తారు. నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. హాస్టల్ పిల్లకు ఒంటికి పట్టే తిండిలో గుడ్డు ముఖ్యమైనది. గజ్జికీ గుడ్డుకీ ఏ సంబంధమూ లేదు. బక్కచిక్కిన పిల్లలు నెలల తరబడి పత్యం చేసి, అదే దురదతో నా దగ్గరికి వస్తారు.

తర్వాత ట్యూబు. మెడికల్ షాపులో దురద అని చెబితే చాలు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన క్రీము చేతిలో పెడతారు. స్టెరాయిడ్ వల్ల నాలుగు రోజులు దురద తగ్గుతుంది. పురుగు మాత్రం చావదు, ఇంకా పెరుగుతుంది. పొక్కుల రూపం మారిపోయి డాక్టరు కూడా పోల్చుకోలేని పరిస్థితి వస్తుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మామూలు మనుషుల్లా వెళ్లి దురద అని అడిగి చూడమనండి.

దురదే కదా అని తేలిగ్గా తీసుకునే జబ్బు కాదిది. గోకిన చోట చర్మం చీలి చీము పడుతుంది. ఆ చీములో ఉండే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కొందరి పిల్లల్లో కిడ్నీల వాపుకు దారితీస్తుంది. పొద్దున్నే మొహం ఉబ్బి, మూత్రం చాయ్ రంగులోకి మారితే అప్పుడు పరుగులు పెడతాం. అంత దాకా రాకపోయినా, రాత్రుళ్లు నిద్ర లేని పిల్ల పగలు క్లాసులో ఏం వింటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతుంటారని ఆ సంస్థే చెబుతోంది.

ఇక నేను అడగదలచుకున్నది. నేను ఒక పిల్లకు గజ్జి పురుగును చంపే పెర్‌మెత్రిన్ క్రీము రాసిచ్చి పంపితే ఆ పిల్లకు తగ్గుతుంది. మళ్లీ అదే గదికి, అదే పరుపు మీదికి, మందు పడని స్నేహితుల మధ్యకు వెళుతుంది. రెండోసారి సోకినప్పుడు ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. మందు పనిచేయలేదని తల్లి అనుకుంటుంది, ఇంకో ట్యూబు కొంటుంది. ఒక్కొక్కరికి విడిగా వైద్యం చేస్తే ఈ జబ్బు హాస్టల్‌ను వదలదు. దురద ఉన్నా లేకపోయినా హాస్టల్లో ఉన్న అందరికీ, పిల్లలతో పాటు వార్డెన్, వంటవాళ్లు, వాచ్‌మన్‌కు కూడా, ఒకే రోజు మందు పడాలి. వారం నుంచి రెండు వారాల్లోపు రెండో డోసు పడాలి.

ఒకప్పుడు మనవాళ్లు కూలీలుగా వెళ్లిన ఫిజీ దీవుల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఆ అధ్యయనం 2015లో వెలువడింది. అందరికీ ఒకేసారి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు బిళ్లలు ఇచ్చిన చోట గజ్జి ఏడాదిలో 32 శాతం నుంచి 2 శాతం లోపుకి పడిపోయింది. జబ్బు ఉన్నవాళ్లకూ వాళ్లను అంటిపెట్టుకుని ఉండేవాళ్లకూ మాత్రమే క్రీము ఇచ్చిన చోట సుమారు 37 శాతం నుంచి 19 శాతానికే తగ్గింది.

మీ శాఖకు ఇలాంటి పని కొత్త కాదు. నులిపురుగుల నివారణ దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఎవరి కడుపులో పురుగులున్నాయో చూడకుండా అందరికీ ఆల్బెండజోల్ ఇస్తున్నారు. ఐవర్‌మెక్టిన్ కూడా కొత్త మందు కాదు. బోదకాలు నివారణ కోసం మన దేశంలో కొన్ని జిల్లాల్లో 2018 నుంచి మరో రెండు మందులతో కలిపి ఊళ్లకు ఊళ్లకే ఇస్తున్నారు. గజ్జికి కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు చాలు. 30 కిలోల పిల్లకు 6 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వకూడదు కానీ, అయిదో తరగతి దాటిన పిల్లల్లో అంత తక్కువ బరువు ఉండేవాళ్లు చాలా అరుదు. సిబ్బందిలో గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉంటే వాళ్లకు పెర్‌మెత్రిన్ క్రీము రాయిస్తే సరిపోతుంది. ఆ క్రీము కూడా మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించి రాత్రంతా ఉంచాలి. పెద్దవాళ్లకు ఒకసారికి 30 గ్రాముల ట్యూబు కావాలి. పీహెచ్‌సీలో మందు తక్కువై ఇద్దరికి ఒక ట్యూబు పంచితే, దురద ఉన్న చోట మాత్రమే రాసుకుంటారు, జబ్బు పోదు.

పరీక్ష ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. జూన్‌లో హాస్టల్ తెరిచిన రోజే చూస్తే, సోకి కూడా ఇంకా దురద రానివాళ్లు కనబడరు. జులై మూడో వారంలో ఒకసారి, దసరా సెలవుల తర్వాత నెలకు మరోసారి ఏఎన్ఎం వచ్చి వేళ్ల సందులు చూడాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఎలాగూ ఉన్నాయి.

మందు వేసిన రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి వారం పాటు మూట కట్టి పక్కన పెడితే చాలు, మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. దీనికి నీళ్లు కావాలి, ఒక్కో పిల్లకు రెండో దుప్పటి కావాలి. ఈ రెండూ మీ శాఖ చేతిలో లేవని తెలుసు. సంక్షేమ శాఖ మంత్రి గారితో కలిసి కూర్చోండి.

ఇంకొక్క విన్నపం. గజ్జి వచ్చిందని పిల్లలను ఇంటికి పంపించే అలవాటు ఆపించండి. ఇంటికి వెళ్లిన పిల్ల తమ్ముడి పక్కన, నానమ్మ పక్కన పడుకుంటుంది. అక్కడ అందరికీ అంటించి, నెలకు వాళ్ల నుంచే మళ్లీ తెచ్చుకుంటుంది. పైగా అందరిముందు పెట్టె సర్దించి పంపితే ఆ పిల్ల మురికిదని ముద్ర పడుతుంది. రోజూ స్నానం చేసే పిల్లలకు కూడా గజ్జి వస్తుంది. పురుగు చర్మం లోపల ఉంటుంది, నీళ్లకు పోదు. ఈ మాట ప్రతి వార్డెన్‌కూ మీ ఉత్తర్వులోనే రాసి పంపండి. మందు వేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చని, అది చూసి కంగారుపడి స్టెరాయిడ్ ట్యూబు కొనొద్దని కూడా రాయండి.

ఒక్కో జిల్లాలో రెండు మూడు హాస్టళ్లతో మొదలుపెట్టినా చాలు. దసరా సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్లకముందే రెండు డోసులూ పూర్తవ్వాలంటే, ఆగస్టులోనే బిళ్లలు పీహెచ్‌సీలకు చేరాలి.

ఇట్లు,
ఒక చర్మవ్యాధుల వైద్యురాలు