రేపు రోమ్‌లో మొదటి రోజు: అందరూ ఒకసారి చదవండి

జంటలందరికీ నమస్కారం 🙏

ఉదయం 7:30కల్లా టిఫిన్ చేసి హోటల్ లాబీలో ఉండండి. టెర్మినీ రైల్వే స్టేషన్ నుంచి మెట్రో బి లైన్‌లో వెళ్తాం, మనం దిగే కొలోసియో స్టేషన్ రెండో స్టాప్. గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. కానీ ఒకే కార్డు మీద ఇద్దరూ వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లు తెచ్చుకోండి.

కొలోసియం (పాత రోమన్ల పెద్ద క్రీడా ప్రాంగణం) టికెట్లు పేర్ల మీద తీసుకున్నాం. పాస్‌పోర్టు తప్పనిసరి. పెద్ద బ్యాగులు రూమ్‌లోనే ఉంచండి.

నీళ్ల బాటిళ్లు కొనకండి! వీధుల్లో ఇనుప కుళాయిలు పగలూ రాత్రీ పారుతూనే ఉంటాయి, మంచినీళ్లే. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయి, హాయిగా తాగొచ్చు.

భోజనం తర్వాత పాంథియన్, ఒకప్పటి రోమన్ల గుడి. నాకు రోమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఇక్కడ తొందర పెట్టను. దాదాపు 1,900 ఏళ్ల నాటి కాంక్రీటు గోపురం, నడినెత్తిన సుమారు 9 మీటర్ల వెడల్పున తెరిచిన గుండ్రటి కన్ను. వాన పడితే నేరుగా లోపలికే పడుతుంది, నేలలో సన్నటి రంధ్రాల గుండా పోతుంది. చిత్రకారుడు రఫేల్ సమాధి కూడా అక్కడే. పాంథియన్ ఇప్పుడు చర్చి కాబట్టి భుజాలు కప్పుకుని రండి, గట్టిగా మాట్లాడొద్దు.

సాయంత్రం ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ స్టెప్స్. ఆ మెట్ల మీద కూర్చుంటే జరిమానా, ఫొటోలు నిలబడే దిగండి.

మెట్రోలో, ట్రెవీ దగ్గర జేబుదొంగలు ఎక్కువ. ఫోన్ వెనక జేబులో వద్దు.

చదివినవాళ్లు రాత్రి 9లోపు 👍 పెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ చేయండి, టాక్సీ చూస్తాను.