పోయిన నెల మైకు ఆగింది, తప్పు మాదే

అందరికీ నమస్తే. పోయిన నెల హనుమకొండలో ఒక కాలేజీ ఫంక్షన్‌కి మైక్ సెట్ పెట్టింది మేమే. మిమిక్రీ చేస్తున్న పిల్లవాడు రైలును స్టేషన్ నుంచి కదిలించాడో లేదో మా కార్డ్‌లెస్ మైకు ఆగిపోయింది, ఆ రైలు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఇంకో మైకు ఇస్తే అది కుయ్యిమని అరిచింది. బ్యాటరీలు పాతవి. మార్చమని మా కుర్రాడికి చెప్పాను గానీ మార్చాడా లేదా అని చూడలేదు. సగం డబ్బులు వెనక్కి ఇచ్చేశాను.

డబ్బు సంగతి అటుంచండి, ఇది జరిగింది నేరెళ్ళ వేణుమాధవ్ గారి ఊళ్ళో, అదీ నా బాధ. 1932 డిసెంబర్ 28న వరంగల్‌లో పుట్టి, 1971లో ఐక్యరాజ్యసమితిలో కూడా మిమిక్రీ చేసి, 2001లో పద్మశ్రీ అందుకున్న మనిషి. 2018 జూన్ 19న పోయారు. ఇప్పటి పిల్లలకు యూట్యూబ్‌లో హీరోల గొంతులు తెలుసు, ఆయన స్టేజీ మీద ఏం చేసేవారో చెబితే నమ్మరు. పాత సినిమాల నటుడు నాగయ్య గారి గొంతు, నాయకుల ఉపన్యాసాలు సరే, ఇంగ్లీషు సినిమా సీను మొదలుపెడితే అందులోని మాటలు, వెనక మ్యూజిక్, చప్పుళ్ళు అన్నీ ఆ ఒక్క గొంతులోంచే వచ్చేవి. బొమ్మను పట్టుకుని పెదవి కదపకుండా మాట్లాడించేవారు కూడా.

మా నాన్నదీ ఇదే పని. చిన్నప్పుడు ఆయన పక్కన యాంప్లిఫయర్ దగ్గర కూర్చుని చూశాను కాబట్టి చెబుతున్నా, మిమిక్రీకి మైకు పెట్టడం పెళ్ళికి పెట్టినట్టు కాదు. ఆర్టిస్టు గొంతు తగ్గించగానే కంగారుపడి మనం సౌండ్ పెంచితే, మరుక్షణం ఆయన ఉరుము ఉరిమాడంటే బాక్సులు పగులుతాయి. దగ్గరికి రావడం, తల పక్కకు తిప్పడం, చెయ్యి అడ్డం పెట్టడం, అదంతా ఆర్టిస్టే చూసుకుంటాడు. నాబ్ మీద చెయ్యి వేస్తే నాన్న వేలు మీద కొట్టేవాడు.

అందుకే ఇకనుంచి మిమిక్రీకి, నాటకాలకు వైరు మైకే తెస్తాం, చూడ్డానికి బాగోదని మళ్ళీ గొడవ పెట్టుకోకండి. ప్రోగ్రాంకి అరగంట ముందు స్టేజీ మాకు ఖాళీగా ఇవ్వండి, ఆర్టిస్టును కూడా పంపించండి, టెస్టింగ్‌కి విడిగా డబ్బులేం అడగం. పెళ్ళిళ్ళకు రేట్లు, బయానా పాత లెక్కే.

డిసెంబర్ 28 మిమిక్రీ దినోత్సవం కదా, ఆ రోజు స్కూళ్ళలో పిల్లల చేత మిమిక్రీ చేయిస్తే ఒక మైకు, రెండు బాక్సులు అద్దె లేకుండా ఇస్తాను. ఆటో ఖర్చు మాత్రం మీదే. మిగతా ప్రోగ్రాంలకు తెచ్చే కార్డ్‌లెస్ మైకులకైతే బ్యాటరీలు కొత్తవే, ఈసారి నేనే వేస్తాను.