శిలాజం చెవిలో ఏముంది?

ఒరేయ్ శేఖరం,

నీ ఉత్తరం అందింది. ఆఖర్న రాసిన నాలుగు ముక్కలే మనసులో తిరుగుతున్నాయి. "ఎముకలు దొరికితే జంతువు ఎంత ఉండేదో చెప్పొచ్చు, పళ్లు చూసి ఏం తినేదో చెప్పొచ్చు. కానీ ఎలా మెసిలేదో, పగలు తిరిగేదో రాత్రి తిరిగేదో కూడా చెప్పేస్తున్నారంటే అది ఊహ కాక ఇంకేమిటి?" అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. నాకు తెలిసినంతలో దానికి గట్టి జవాబు చెవి లోపల ఉంది. ఉత్తరం పెద్దదయ్యేలా ఉంది, తీరిగ్గా చదువు.

ముందు ఓ పని చెయ్యి. ఈ కాగితాన్ని కదలకుండా పట్టుకుని, తల అటూ ఇటూ గబగబా తిప్పుతూ చదువు. అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు తల ఆపేసి, కాగితాన్ని అంతే వేగంగా ఊపు. అన్నీ అలికేసినట్టు అయిపోతాయి, ఒక్క ముక్క చదవలేవు. రెండింటికీ తేడా లోపలి చెవి వల్లే. తల ఎటు తిరిగితే దానికి సరిగ్గా ఎదురు దిశలో కళ్లు తిరిగేలా అది క్షణంలో కబురు పంపుతుంది. అందుకోసం ఒక్కో చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయి, అంటే సగం గుండ్రంగా వంపు తిరిగిన సన్నటి గొట్టాలు. మూడూ మూడు తలాల్లో, ఒకదానికొకటి దాదాపు లంబంగా. గ్లాసుని గిర్రున తిప్పితే అందులో నీళ్లు వెంటనే తిరగవు కదా, తల తిప్పినప్పుడు ఈ కుల్యల్లోని ద్రవం కూడా అలాగే వెనకబడుతుంది. ఆ వెనకబాటు వల్ల సన్నటి రోమాలు వంగుతాయి, అది మెదడుకి తెలుస్తుంది. 1820ల్లో పియర్ ఫ్లూరాన్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పావురాల్లో ఒక్కో కుల్యనీ కోసి చూశాడు. ఏ కుల్య తెగితే ఆ తలంలోనే పావురం తల ఊగిపోయేది. తలుచుకుంటే జాలేస్తుంది గానీ, ఇవాళ మనం చెప్పుకునేదంతా ఆ పావురాల దగ్గరే మొదలైంది.

జంతువు చచ్చాక ద్రవం, రోమాలు, నరాలు ఏవీ మిగలవు. వాటి చుట్టూ ఉన్న ఎముకలో ఆ గొట్టాల ఆకారంలో బోలు మాత్రం మిగులుతుంది. మన అదృష్టం ఏమిటంటే, ఆ ఎముక ఒంట్లోకెల్లా గట్టి ఎముకల్లో ఒకటి, పుర్రె ముక్కలైపోయినా అది నిలుస్తుంది. పైగా మనుషుల్లో ఈ చెవి బిడ్డ పుట్టకముందే పూర్తి సైజుకి వచ్చేస్తుంది. ఇక పెరగదు కాబట్టి మనకు దగ్గరి బంధువైన పాతకాలపు మానవజాతి, నియాండర్తల్ పిల్లవాడి పుర్రె దొరికినా పెద్దవాళ్ల చెవి గురించి చెప్పొచ్చు. మన కుల్య వంపు అడ్డంగా కొలిస్తే సగటున 7 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒకప్పుడు అది చూడాలంటే శిలాజాన్ని కోయాల్సిందే. సీటీ స్కాన్ వచ్చాక ఆ బాధ పోయింది. బోలుని కంప్యూటర్లో నింపి, తెర మీద అన్ని వైపులా తిప్పి చూస్తున్నారు.

నన్ను పూర్తిగా ఒప్పించింది తిమింగలాల కథ. ఇప్పటి తిమింగలాల్లో కుల్యలు వింతగా చిన్నవి. అదే సైజు ఇతర క్షీరదాలతో పోలిస్తే మూడో వంతే ఉంటాయి. నీలి తిమింగలం కుల్యలు మనిషివాటికంటే చిన్నవంటే నమ్ముతావా? కారణం ఇదీ: నేల మీది జంతువుకి మెడ ఉంటుంది, ఒళ్లు ఎగిరిపడినా తలని నిలకడగా ఉంచుకోగలదు. తిమింగలానికి మెడ దాదాపు బిగుసుకుపోయింది. ఒళ్లు ఎలా పల్టీ కొడితే తలా అలాగే కొడుతుంది. అంత కదలికకి కుల్యలు మరీ సున్నితంగా ఉంటే కళ్లు తిరిగిపోతాయి. అందుకే సున్నితం తగ్గింది. 2002లో ఫ్రెడ్ స్పూర్ బృందం మన దేశంలోనూ పాకిస్తాన్లోనూ దొరికిన తొలి తిమింగలాల చెవులు స్కాన్ చేసింది. ఆ బృందంలో మన సునీల్ బాజ్‌పాయి కూడా ఉన్నారు. పాకిస్తాన్లో దొరికిన అన్నిటికంటే పాతదాని కుల్యలు నేల జంతువులవిలాగే ఉన్నాయి. తర్వాతివి, అంటే సుమారు 4.5 కోట్ల సంవత్సరాల కిందటి రెమింగ్టనోసెటిడ్‌లలాంటివి చూస్తే అప్పటికే చిన్నవైపోయాయి. వాటికింకా కాళ్లున్నాయి! కాళ్లు మాత్రమే చూస్తే "ఒడ్డునా నీళ్లలోనా, రెండు చోట్లా తిరిగేది" అనుకుని ఊరుకుంటాం. చెవి చూస్తే నేల మీద చురుగ్గా తిరగడం దానికి అప్పటికే కష్టమైపోయిందని తెలుస్తుంది. చెవి మారడం మొదలైతే వెనక్కి రావడం కష్టం.

అన్ని జంతువులూ ఇలాగే చేశాయా అంటే, లేదు. డైనోసార్ల కాలంలో సముద్రంలోకి దిగిన మొసళ్ల బంధువులున్నాయి. 2020లో జూలియా ష్వాబ్ వాళ్లు వాటి చెవులు చూస్తే, వాటి కుల్యలు పొట్టిగా, లావుగా మారిన మాట నిజమే గానీ, ఒళ్లు ఈతకి తగ్గట్టు మారిన చాలాకాలానికి గానీ చెవి మారలేదు. రెండు వంశాలు, ఒకే సముద్రం, రెండు వరసలు. చెవి ఒక్క పాఠం అప్పజెప్పినట్టు చెప్పదు కాబట్టే దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

మనుషుల సంగతి ఒక్క మాటలో: 1994లో ఇదే స్పూర్, ఇంకో ఇద్దరితో కలిసి చూస్తే, రెండు కాళ్ల మీద నడిచిన మన పాత బంధువు ఆస్ట్రలోపితెకస్ కుల్యలు గొరిల్లా, చింపాంజీలవిలా ఉన్నాయి, తర్వాత వచ్చిన హోమో ఎరెక్టస్ అనే మానవజాతివి మనవిలా ఉన్నాయి. రెండు కాళ్ల మీద నడవడం ఒకటి, పరుగులూ గెంతులూ అన్నీ దాని మీదే చెయ్యడం ఇంకొకటి అని దాన్నుంచి అర్థం చేసుకున్నారు.

రాత్రి తిరిగేదని ఎలా చెబుతారన్నావు కదా, దానికి షువుయియా సంగతి విను. మంగోలియా ఎడారిలో దొరికిన చిన్న డైనోసార్, కోడి అంత ఉంటుంది. సన్నటి పొడుగు కాళ్లు, పొట్టి చేతులు, ఒక్కో చేతికి ఒకే ఒక్క బలమైన గోరు. 2021లో జోనా షువానియేర్ బృందం దీని చెవి స్కాన్ చేస్తే, శబ్దం వినే కర్ణావర్తం తలకి మించి పొడుగుగా కనిపించింది. తల సైజుతో పోల్చి చూస్తే గూడ్లగూబ చెవితో సమానం. చిమ్మచీకట్లో ఎలుక కదలికని వినికిడితోనే పట్టే గూడ్లగూబ అది. ఇక్కడితో ఆగితే నువ్వన్నట్టు ఊహే. వాళ్లు ఆగలేదు. కంటిగుడ్డు చుట్టూ ఉండే ఎముక వలయాన్ని కూడా కొలిచారు. కనుపాప చాలా పెద్దదని తేలింది, తక్కువ వెలుగులో చూసే కన్ను అది. చెవీ కన్నూ వేరువేరుగా ఒకే మాట చెప్పాయి. గోటితో పుట్టలు తవ్వి పురుగులు తినేదనీ, రాత్రిపూట తిరిగేదనీ అప్పుడు అన్నారు. నాకిది ఊహలా అనిపించదురా.

నీ అనుమానానికి బలం చేకూర్చేవీ ఉన్నాయి, దాచను. నైజర్ దేశంలో దొరికిన నైజరసారస్ అనే డైనోసార్ చెవిలో అడ్డ కుల్యని సమతలంగా నిలబెట్టి చూసి, ఆ జంతువు ఎప్పుడూ మూతి నేలవైపే వంచి ఉంచేదని 2007లో పాల్ సెరెనో వాళ్లు చెప్పారు. రెండేళ్లకే మైక్ టేలర్, మ్యాట్ వెడెల్, డారెన్ నైష్ అడ్డం తిరిగారు. బతికున్న జంతువుల్లోనే ఆ కుల్య వాలు రకరకాలుగా ఉంటుంది, దాన్ని బట్టి తల వాలు అంత కచ్చితంగా చెప్పలేం అన్నారు. నేను వీళ్లవైపే. 2021లో ఇంకో తగువు. కుల్యల ఆకారం చూసి డైనోసార్లు ఎలా కదిలేవో చెప్పొచ్చని మైఖేల్ హాన్సన్ బృందం అంటే, ఆకారానికీ నడకకీ నేరుగా ముడిపెట్టలేమని మారియో బ్రొన్జాటి బృందం అంది. అందుకే ఒక్క చెవినే పట్టుకుని జంతువు బతుకంతా చెప్పేసే వ్యాసాలని నేను అనుమానంగానే చదువుతాను. దగ్గరి బంధువులతో పోల్చి, ఇంకో అవయవంతో సరిచూసినవి మాత్రం మనసుకి పడతాయి.

ఇంకొక్కటుంది, దానికి నీ సాయం కావాలి. క్షీరదాలు వెచ్చని రక్తపు జంతువులు ఎప్పుడయ్యాయన్నది పాత చిక్కుముడి. 2022లో రికార్డో అరౌజో, రొమైన్ డేవిడ్ వాళ్లు దాన్ని కుల్యలతో విప్పబోయారు. ఒళ్లు వేడెక్కితే లోపలి ద్రవం పలచబడుతుంది. పలచబడితే అదే గొట్టం అంతకుముందులా పనిచెయ్యదు, కాబట్టి గొట్టం సన్నగా, చిన్నగా మారాలి. శిలాజాల్లో ఆ మార్పు సుమారు 23.3 కోట్ల సంవత్సరాల కిందట, చాలా వేగంగా జరిగిందని వాళ్ల లెక్క. ఒంటి వేడి 5 నుంచి 9 డిగ్రీలు పెరిగి ఉంటుందట. నాకు ఇది చాలా నచ్చింది. ఒక్కచోటే తడబడుతున్నాను: శిలాజంలో కనబడేది ఎముక గొట్టం, ద్రవం ప్రవహించేది దాని లోపలి పొర గొట్టంలో. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని అంచనా వేసేటప్పుడు ఎంత తేడా వచ్చినా లెక్క తట్టుకుంటుందా? గొట్టాల్లో ద్రవాల గురించి రోజూ లెక్కలు కట్టే మనిషివి నువ్వు. వ్యాసార్థంలో పదో వంతు తప్పు పడితే జవాబు ఎంత మారుతుందో ఓసారి వేసి చూసి రాయి.

నీ
మోహన్