లొంగిపోయినవాళ్లు ఊరికీ జవాబు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబరులో మా గడ్చిరోలిలో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ తన 60 మందితో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎదుట ఆయుధాలు అప్పజెప్పినప్పుడు పేపర్ల నిండా ఫొటోలే. తుపాకులు దిగినందుకు నాకూ సంతోషమే, పొద్దుగూకితే గడప దాటని రోజులు చూసినవాణ్ణి. ఆ ఫొటోల్లో లేనివాళ్ల గురించి ఈ ఉత్తరం.

నేను సిరొంచలో అర్జీలు రాసి బతుకుతాను. జనం తెలుగులోనో ఇక్కడి ఆదివాసుల మాడియా భాషలోనో చెప్పింది విని మరాఠీలో పెట్టడం నా పని. పోలీసు ఇన్ఫార్మరని ముద్ర వేసి మావోయిస్టులు చంపేసిన ఒకాయన భార్య అప్పుడప్పుడూ వస్తుంది. ఇన్ఫార్మరని రాసి శవం పక్కన పడేసిపోయిన చీటీని ప్లాస్టిక్ కవర్లో మడిచి దాచుకుంది. కేంద్రం ఇచ్చే 5 లక్షల పరిహారం కాగితాలు నేనే రాశాను, డబ్బూ వచ్చింది. ఆమె ఇప్పుడు రాయమనేది వేరే: "నా మొగడు ఎవరికీ ఏం చెప్పలేదని వాళ్ల నోటితోనే ఊళ్లో చెప్పించు సారూ." దానికి ఏ ఫారమూ లేదు. ఆ చీటీ మాట పట్టుకునే పెద్దబిడ్డకు వచ్చిన సంబంధం వెనక్కి పోయింది.

లొంగిపోయినవాళ్లకు హోదాను బట్టి డబ్బు, పైగా శిక్షణ. ఇవ్వొద్దనను, ఇవ్వకపోతే అడవి దిగేదెవరు? కానీ వాళ్లనుంచి సర్కారు అడిగేది తుపాకీ, పోలీసులకు కావలసిన సమాచారం. ఊరికి నిజం చెప్పమని అడగదు.

కొలంబియాలో సర్కారుకూ ఫార్క్ అనే గెరిల్లా దళానికీ 2016లో శాంతి ఒప్పందం కుదిరిన తర్వాత ఒక ప్రత్యేక న్యాయస్థానం పెట్టుకున్నారు. ఘోరాలు చేసినవాళ్లు ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే జైలు బదులు 5 నుంచి 8 ఏళ్లు మందుపాతరలు తీయడం, గల్లంతైనవాళ్లను వెతకడం లాంటి పనులు. దాచి దొరికితే 20 ఏళ్ల దాకా జైలు. 2025 సెప్టెంబరులో ఫార్క్ మాజీ నాయకులు ఏడుగురికి కిడ్నాపుల కేసులో 8 ఏళ్లు అలాగే వేశారు. ఇదేం శిక్ష అని బాధితులే కొందరు మండిపడ్డారు, తప్పులేదు. నాకు నచ్చింది ఇంకొకటి. మామూలు జనాన్ని చంపి గెరిల్లాలని లెక్క చూపిన సైనికులనూ అదే కోర్టు బోనెక్కించింది. ఎన్‌కౌంటర్ల మీద ఇక్కడ అడిగేవాళ్లకూ ఆ దారి ఉండాలి.

వెదురు, తునికాకు లెక్కలు తామే తేల్చుకునే గ్రామసభలు మా జిల్లాలో ఉన్నాయి. జడ్జి ఒకరిని కూర్చోబెట్టి, ఆ సభలోనే లొంగిపోయినవాళ్లను మాట్లాడించండి. ఎవరిని ఎందుకు చంపారో, ఇన్ఫార్మరన్నది నిజమో కాదో చెప్పించి, ఆ మాట సర్కారీ ముద్రతో ఇంటివాళ్ల చేతికివ్వండి. మరాఠీ కాపీ నేను పైసా తీసుకోకుండా రాసిపెడతా.

– అర్జీలు రాసే పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర