టిన్ను మీద మాట మీది, తప్పు మాత్రం మా పెయింటరుదా?

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

నమస్తే. ఈ ఏడాది జనవరి మొదటి వారంలో, సంక్రాంతికి ఇల్లు సర్దుకునే హడావుడిలో, మీ కంపెనీ నల్ల ఎనామిల్ రంగు 4 లీటర్ల టిన్ను కొని మా ఇంటి బయటి మెట్ల రెయిలింగుకీ, మేడ మీద పిట్టగోడ పైనున్న పైపులకీ వేయించాను. జూన్‌లో తొలి వానలు పడ్డాయో లేదో అది పొరలు పొరలుగా లేచిపోయింది. ఫిర్యాదు చేస్తే మీ తరఫున ఒకబ్బాయి వచ్చి ఐదు నిమిషాల్లో రెండు ఫొటోలు తీసుకుని వెళ్లాడు. పన్నెండు రోజుల తర్వాత, తుప్పు సరిగా గీకకుండా రంగు వేశారు, ఇది పని చేసినవాళ్ల లోపం అని మెయిల్ పెట్టి ఫిర్యాదు మూసేశారు. ఆ మాట నాకు అస్సలు మింగుడు పడలేదు, అందుకే ఇంత పొడుగు లేఖ రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మాది విశాఖ, ఇంటి నుంచి సముద్రం కిలోమీటరు కూడా ఉండదు. ఉప్పుగాలి ఇనుమునేం చేస్తుందో ఈ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు చెట్టు పడి పాత రెయిలింగు వంగిపోతే మామూలు ఇనుప పైపులతోనే మళ్లీ చేయించాం, పదేళ్లు తిరిగేసరికి అవి లోపల్నుంచి తుప్పు తినేసి చిల్లులు పడ్డాయి. ఆ అనుభవంతో కిందటేడు పైపులన్నీ జి.ఐ. రకం, అంటే ఇనుము మీద జింకు పూత ఉన్నవి పెట్టించాం. మధ్యలో నిలువు చదరపు రాడ్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి కదా అని పాతవే ఉంచి కొత్త పైపులకి వెల్డింగ్ చేయించాం. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి.

షాపులో అడిగినప్పుడు, ఇది ఏ లోహానికైనా నేరుగా వేసుకోవచ్చు, ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగుపూత, అక్కర్లేదు అన్నారు. షాపు వాళ్ల మాట వదిలేయండి, మీ టిన్ను మీద కూడా పెద్దక్షరాల్లో అదే ఉంది, ఫొటో జతచేశాను. మా పెయింటరు పాత రాడ్లని వైరు బ్రష్షుతో, తర్వాత ఎమరీ పేపరుతో లోహం కనపడేదాకా గీకాడు, పైపుల్ని టర్పెంటైన్ గుడ్డతో తుడిచాడు, మంచు తడి ఆరేదాకా పొద్దున తొమ్మిదిన్నర లోపు బ్రష్షు ముట్టలేదు, మొదటి పూతకీ రెండో పూతకీ మధ్య ఒక రాత్రంతా వదిలాడు. నేను నాలుగు రోజులూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఇవన్నీ కళ్లారా చూసి రాస్తున్నాను.

ఇప్పుడు పరిస్థితి ఇది. మా నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్లు, ఆ పైపు పట్టుకోకుండా మెట్లు దిగలేరు. జూలైలో ఒకరోజు కిందికి దిగివచ్చి అరచెయ్యి చూపించారు, చేతినిండా నల్లటి పెచ్చులు, తడికి అతుక్కుపోయి ఉన్నాయి. నేను వెళ్లి ఒక పొర అంచున గోరు పెట్టి లాగితే జానెడు పొడుగున రిబ్బనులా ఊడి వచ్చింది. దాని వెనకవైపు నున్నగా మెరుస్తోంది, కింద పైపు మీద జింకు బూడిదరంగులో శుభ్రంగా ఉంది, అక్కడక్కడ తెల్లటి పొడి తప్ప ఎర్ర తుప్పు చుక్క కూడా లేదు. తుప్పే లేని చోట తుప్పు గీకలేదని ఎలా రాస్తారండి?

పక్కనే, బెత్తెడు దూరంలో ఉన్న పాత ఇనుప రాడ్డు మీద మాత్రం రంగు గట్టిగా అంటుకునే ఉంది. అదే టిన్ను, అదే బ్రష్షు, అదే రోజు, అదే చెయ్యి, దానికీ ప్రైమర్ లేదు. వెల్డింగ్ అతుకుల దగ్గర కొన్ని తుప్పు మచ్చలున్నాయి, అక్కడ వేడికి జింకు కాలిపోతుంది కాబట్టి ఆ మచ్చల సంగతి నేను ఎత్తడం లేదు. పైపుల మీద జరిగింది వేరు.

మా పక్కింటి బాబాయిగారు షిప్‌యార్డులో పెయింటింగ్ పనిలో రిటైరయ్యారు. ఆయన బ్లేడుతో పైపు మీదా రాడ్డు మీదా చిన్న చిన్న గళ్లుగా అడ్డంగా నిలువుగా గీసి, టేపు అంటించి ఒక్కసారిగా లాగారు. పైపు మీది గళ్లన్నీ టేపుతో వచ్చేశాయి, రాడ్డు మీద ఒక్కటీ కదల్లేదు. మామూలు ఎనామిల్‌లో ఉండే నూనెకీ జింకుకీ పడదని, తేమ తగిలితే రెండూ కలిసి అడుగున సబ్బులాంటి పొర కడుతుందని, దాంతో పైరంగు పట్టు వదిలేస్తుందని ఆయన చెప్పారు. జి.ఐ. మీద ముందు పల్చగా ఎచ్ ప్రైమర్ వేయాలట, అందులోని ఆమ్లం జింకుని కొద్దిగా కొరికి పట్టు ఇస్తుందట. తర్వాత మీ వెబ్‌సైట్‌లో వెతికితే ఇదే రంగు టెక్నికల్ షీటు దొరికింది, మూడో పేజీలో, జి.ఐ. మీద తగిన ఎచ్ ప్రైమర్ తప్పనిసరి అని మీరే రాసుకున్నారు, ఇంగ్లీషులో. అంటే సంగతి మీకు తెలుసు. తెలిసి టిన్ను మీద మాత్రం అన్ని లోహాలకీ నేరుగా అని వేశారు.

చోటు లేదని మాత్రం అనకండి. సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 90) దాటదని అదే టిన్ను మీద వేస్తున్నారు, అది చట్టం కాబట్టి వేయక తప్పదు, మంచిదే, పిల్లలున్న ఇళ్లకి అది తెలియాలి. దాని కిందే, జింకు పైపులకి ముందు ఎచ్ ప్రైమర్ వేయండి అని తెలుగులో ఒక్క వాక్యం వేస్తే సరిపోయేది. ఇంటర్నెట్‌లో మూడో పేజీ ఇంగ్లీషు షీటు చదివి బ్రష్షు పట్టే పెయింటరు మా ఊళ్లో ఎక్కడున్నాడు?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మీ మెయిల్ సంగతి మా పెయింటరుకి తెలిసి ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి, మెట్ల దగ్గరే నిలబడి, "సార్, కూలి వద్దు, మళ్లీ వేసేస్తాను, పేరు చెడగొట్టకండి" అన్నాడు. తను చేయని తప్పుకి నాలుగు రోజుల కూలి వదులుకోడానికి సిద్ధపడ్డాడంటే కారణం మీ కంపెనీ రాసిన ఆ వాక్యమే. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా.

రంగుకి 1,450, టర్పెంటైన్, ఎమరీ, బ్రష్షులకి 550, ఇద్దరి నాలుగు రోజుల కూలి 8,000, మొత్తం 10,000 రూపాయలు అయ్యింది. ఇప్పుడు ఆ పైపులన్నీ గీకించి శుభ్రం చేయించడానికి ఇంకో 6,000 అవుతుందని లెక్క చెప్పారు. ఈ 16,000 మీరు ఇవ్వాలి. ఆ ఎచ్ ప్రైమర్ కూడా మీరే పంపండి, ఈసారి అది వేశాకే రంగు ముట్టుకుంటాం. టిన్ను మీద ఆ వాక్యం మార్చండి, మా వీధిలోనే ఇంకో రెండిళ్ల వాళ్లు జి.ఐ. పెట్టించుకుని దసరాకి రంగు కొనబోతున్నారు. ఇక పనివాళ్ల లోపం అని రాసిన మెయిల్ తప్పని ఒప్పుకుంటూ ఇంకో మెయిల్ పెట్టండి, అది తెలుగులో ఉండాలి, మా పెయింటరు తన ఫోన్‌లో తనే చదువుకోవాలి.

15 రోజులు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది, ఓపిక కూడా ఉంది.

ఊడిన పెచ్చులు ఒక కవర్లో, టేపు ముక్కలు తెల్లకాగితం మీద అంటించి తారీఖు వేసి దాచాను. బిల్లు, టిన్ను, మూత అన్నీ ఉన్నాయి. ఈసారి వచ్చేవాళ్లని ఒక బ్లేడు, ఒక టేపు తెచ్చుకోమనండి, పైపు మీదా రాడ్డు మీదా మా కళ్లముందే గీసి చూడమనండి. సాయంత్రం నాలుగు తర్వాత అయితే మా పెయింటరు కూడా ఉంటాడు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశాఖపట్నం