‘నిలుపరాదు’ అంటే ఏమిటి?

సంపాదకులకు,

మునిసిపాలిటీ కార్పొరేషన్ అయిందంటే కూడళ్లలో కొత్త ట్రాఫిక్ బోర్డులు లేస్తాయి. జరిమానా ఎంతో పెద్ద అక్షరాల్లో రాస్తారు గానీ, ఏ పనికి వేస్తారో తేల్చి రాయరు. చిన్న నగరాల్లో రోజూ జరిగే వాదులాటలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి.

‘భారీ వాహనాలకు ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకు ప్రవేశం లేదు’ అన్న బోర్డునే చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 2వ సెక్షన్ ప్రకారం సరుకు బండ్లలో స్థూల బరువు 12,000 కిలోలు దాటినదే భారీ వాహనం. 7,500 కిలోలకు మించనిది తేలికపాటిది, ఈ రెంటి నడుమ ఉన్నది మధ్యతరహాది. అంటే పది టన్నుల లారీ పట్టపగలు బజారులోకి వచ్చినా ఈ బోర్డు దాన్ని ఆపలేదు. ట్రాక్టరును ఖాళీ బరువుతో లెక్కగడతారు కనుక అదీ తేలికపాటి వాహనమే. వెనక ఇసుక ట్రాలీ ఉంటే సంగతేమిటో బోర్డు చెప్పదు.

‘లారీ ఖాళీగా ఉంది సార్’ అనే డ్రైవరు మాట మాత్రం చెల్లదు. స్థూల బరువంటే ఆ పూట కాటా మీద తూగే బరువు కాదు. బండి బరువూ, అది మోయడానికి అనుమతించిన సరుకు బరువూ కలిపి రిజిస్ట్రేషన్‌లో నమోదైన అంకె. ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా అది మారదు. కాబట్టి ‘స్థూల బరువు 7,500 కిలోలు దాటిన సరుకు వాహనాలు, ట్రాలీతో ఉన్న ట్రాక్టర్లు’ అని బోర్డు మీదే రాయాలి. పాలవ్యానుకో గ్యాస్ బండికో మినహాయింపు ఇస్తే దాన్నీ పేరు పెట్టి రాయాలి. పైగా 115వ సెక్షన్ కింద నెలకు మించి ఉండే నిషేధానికి గెజిట్ ప్రకటన ఉండాలి. నెలలోపు దానికే స్థానిక ప్రచారం సరిపోతుంది. ఏళ్ల తరబడి నిలబడే బోర్డు అడుగున ఆ ప్రకటన నంబరు, తేదీ వేయడానికి పెయింటరుకు పట్టేది ఐదు నిమిషాలు.

ఇంతకన్నా తంటా తెచ్చేది ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’ అన్న ఫ్లెక్సీ. ఆపనే కూడదా, ఆపి వదిలి వెళ్లకూడదా? గుర్తుల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. నీలం వృత్తం మీద ఒక ఎర్ర గీత అడ్డంగా ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే కాసేపు ఆగడం కూడా వద్దని. ఫ్లెక్సీ ఈ రెంటినీ కలిపేసింది. ఆసుపత్రి గేటు ముందు పెద్దావిడను దింపుతున్న ఆటోకూ, తాళం వేసి టిఫినుకు వెళ్లినవాడి కారుకూ ఒకటే చలానా పడుతోంది. కెమెరా ఫొటో ఒక్కటే అయితే బండి ఎంతసేపు ఆగిందో అందులో తేలదు. జర్మనీ నిబంధనల్లో డ్రైవరు బండి వదిలి వెళ్లినా, మూడు నిమిషాలకు మించి ఆపినా అది పార్కింగే. అలాంటి కొలమానం ఒకటి బోర్డు మీదే ఉంటే పోలీసుకూ డ్రైవరుకూ తగువుండదు. అలాగని డ్రైవరు సీట్లో ఉంటే ఎక్కడైనా ఆపుకోవచ్చని కాదు. దారికి అడ్డంగానో ప్రమాదకరంగానో ఉంచితే 122వ సెక్షన్ వర్తిస్తుంది.

బండిని ఎత్తుకెళ్లడం సంగతికొస్తే, 127వ సెక్షన్ ప్రకారం పది గంటలు, అంతకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండినీ, చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట ఉన్న బండినీ తొలగించవచ్చు. ఆ అనుమతి ఇవ్వాల్సింది ఆ ప్రాంతంపై అధికారం ఉన్న, యూనిఫాంలోని పోలీసు అధికారి. క్రేన్ కుర్రాళ్లు తమంతట తాము కొక్కెం తగిలించడం కుదరదు.

‘బస్టాపు దగ్గర’, ‘కూడలి సమీపంలో’ లాంటి మాటలు తీసేసి మీటర్లు రాయాలి. నిషేధం మొదలైన చోట ఒకటి, ముగిసిన చోట ఒకటి బాణం గుర్తు పలక పెట్టాలి. ఒకే స్తంభానికి ఒకే బోర్డు ఉంటే అది ఎటువైపు, ఎంత దూరం వర్తిస్తుందో దాన్ని కట్టినవాడికే తెలియాలి.

— ఒక రిటైర్డ్ రవాణా ఉద్యోగి